లక్ష్మక్క పాడిన సగం

ధర్మవరంలో మా ఇంటి బీరువాలో, పట్టుచీరల మడతల మధ్య ఒక నోటుపుస్తకం ఉంటుంది. పలచని బడి పుస్తకం. అట్ట ఎప్పుడో ఊడిపోతే మావారు చీరల పెట్టె అట్ట కత్తిరించి అతికించి ఇచ్చారు. అందులో ఉన్నది మా అవ్వ విసురురాయి దగ్గర పాడే పాట. పదకొండేళ్ళ వయసులో హిందూపురంలో అవ్వ పాడుతుంటే ఎదురుగా కూర్చుని పెన్సిలుతో రాసుకున్నాను. తెలుగు టీచరుగా పనిచేసినన్నాళ్ళూ ఆ పుస్తకాన్ని ఎంతమందికి చూపించానో లెక్కలేదు. అడిగినవాళ్ళకు చూపించాను, అడగనివాళ్ళకు ఇంకా ఎక్కువ చూపించాను. "నోటిమాట గాలికి పోతుందర్రా, రాసుకున్నదే నిలుస్తుంది" అని పిల్లలకు చెప్పి, రుజువుగా దాన్ని ఎత్తి పట్టుకునేదాన్ని. కాకిపిల్ల కాకికి ముద్దన్నట్టు, ఆ వంకర అక్షరాలంటే నాకు అంత గర్వం.

పోయిన వానాకాలంలో శిరీష అనే అమ్మాయి మా ఇంటికి వచ్చింది. ఆడవాళ్ళ పాటల మీద యూనివర్సిటీలో చదువుతోందట. కాఫీ ఇచ్చి, పుస్తకం చేతిలో పెట్టి, మెచ్చుకోలు కోసం ఎదురుగా కూర్చున్నాను. ఆ పిల్ల మెచ్చుకోలేదు. రెండు పేజీలు తిప్పి, వేలు పెట్టి ఒకచోట ఆగింది.

"అమ్మా, ప్రతి చరణం పక్కనా ఈ గీత ఏంటి?"

"అవ్వ అక్కడ ఆగేది. నేను రాసుకోడానికి."

"పొట్టి చరణం దగ్గరా పొడుగు చరణం దగ్గరా ఒకే పొడుగు గీత గీశారే?"

"రాయి ఒక చుట్టు తిరిగేది. ఆ చుట్టు తిరిగినంతసేపూ నేను గీత గీసేదాన్ని." ఆ మాట అంటూ ఉండగానే నా గొంతు నాకే కొత్తగా వినిపించింది.

"ఆ చుట్టులో ఇంకెవరైనా పాడేవాళ్ళా అమ్మా?" అని ఆ పిల్ల మెల్లగా అడిగింది.

పుస్తకం ఆమె చేతిలోంచి తీసుకుని ఆ గీతలనే చూస్తూ ఉండిపోయాను. కాఫీ చల్లారిపోయింది. ఆ పిల్ల ఏదో పొరపాటు మాట అన్నానేమోనని బెదిరి, తొందరగా సెలవు తీసుకుంది. పాపం, తప్పు ఆమెది కాదు. అరవై ఏడేళ్ళు వచ్చిన టీచరమ్మకు తట్టనిది ఇరవై నాలుగేళ్ళ పిల్లకు తట్టింది, అంతే.

హిందూపురంలో మా ఇల్లు మార్కెట్టు వెనక సందులో ఉండేది. ముందువైపు అంగడి, వెనకవైపు ఇల్లు, మధ్యలో చింతపండు నిలవచేసే చీకటి గది. చింతపండు దిగే కాలంలో సందంతా పులుపు వాసన. బెల్లం దిగే కాలంలో తీపి వాసన, దాంతోపాటు ఈగలు. కళ్ళు మూసుకుని నడిచినా ఏ నెలలో ఉన్నామో ముక్కు చెప్పేది. అంగట్లో మగవాళ్ళు పొద్దస్తమానం ఏదో ఒకటి రాస్తూ ఉండేవాళ్ళు. ఇంట్లో ఆడవాళ్ళకు రాత రాదు. మా అవ్వకు సంతకం కూడా రాదు. కానీ ఎవరి పెళ్ళిలో ఎవరు ఏ రంగు చీర కట్టారో, ఏ పిల్లకు ఏ వారం జ్వరం వచ్చిందో, అన్నీ ఆమె నాలుక మీద ఉండేవి. ఆమెకు కోపం తెలుగులో వచ్చేది, ముద్దు కన్నడంలో వచ్చేది. నన్ను "బారే పుట్టీ", అంటే రావే చిన్నీ, అని పిలిచిందంటే ఆ పూట నాకు ఏ భయమూ లేదు. పూర్తి పేరు పెట్టి పిలిచిందంటే మాత్రం వీధి చివరదాకా పరుగెత్తడమే.

తెల్లవారుజామున రాగులు విసిరే చప్పుడుతో నాకు మెలకువ వచ్చేది. మెలకువ అనకూడదేమో. నిద్రకూ మెలకువకూ మధ్య ఒక మెత్తని చోటు ఉంటుందే, అక్కడ ఉండేదాన్ని. చాప మీద పడుకుని చెవి నేలకు ఆనిస్తే రాయి గురగుర నేలలోంచి వినిపించేది. బుడ్డీదీపం వెలుగులో గుమ్మం అవతల రెండు ఆకారాలు ముందుకూ వెనక్కూ ఊగుతూ కనిపించేవి. ఒకటి మా అవ్వ, గుమ్మం వైపు ముఖం పెట్టి. ఇంకొకటి లక్ష్మక్క, వీపు నా వైపు పెట్టి. పచ్చి రాగిపిండి వాసన, అవ్వ నోట్లోని వక్కాకు వాసన కలిసి గదిలోకి వచ్చేవి. అవ్వ గొంతు మాటతో సహా నా చాపదాకా వచ్చేది. లక్ష్మక్క గొంతు అవతలి గోడ వైపు పోయి, నాకు ఒట్టి హూంకారంలా వినిపించేది. ఆ రెండు గొంతుల మధ్య మళ్ళీ నిద్రపట్టేది. ఈ వయసులో రాత్రుళ్ళు మాత్ర వేసుకుంటేగానీ రాని నిద్ర అప్పుడు ఆ చప్పుడుకు వచ్చేది.

లక్ష్మక్కది కనగానపల్లి దగ్గర ఒక పల్లె. నేను పుట్టకముందు, వానలు మొహం చాటేసిన ఏడాది ఆమె మొగుడు గొర్రెలు తోలుకుని ఒక దిక్కు పోతే, ఆమె కూలి వెతుక్కుంటూ మా ఊరు వచ్చింది. మా ఇంట్లో చింతపండు గింజ తీసే పనికి కుదిరి, విసురురాయి దగ్గర అవ్వకు జత అయింది. మా ఇంటి వాడుక ఏమిటంటే, ఆ పాటలో ఇంటి ఆడవాళ్ళే ఉంటారు, అదీ చనిపోయినవాళ్ళే. ఇంట్లో ఒక ఆడమనిషి పోతే, ఆ ఏడు కొత్త రాగులు వచ్చిన రోజు, మొదటి చేరెడు రాతి నోట్లో పోసి, మిగిలిన ఆడవాళ్ళలో పెద్దది ఆ పోయినామె మీద ఒక చరణం వేయాలి. ఆ తర్వాత ఆ చరణం పాటలో కలిసిపోతుంది. వేరే ఎక్కడా పోయినవాళ్ళ పేరు ఎత్తకూడదు. పొయ్యి దగ్గర ఎత్తకూడదు, పండుగనాడు ఎత్తకూడదు. రాయి తిరిగేటప్పుడు మాత్రం ఎంత తలచుకున్నా తప్పులేదు.

మా అమ్మ రత్నమ్మ నాకు రెండేళ్ళప్పుడు పోయింది. ఆమెది పెనుగొండ. ఆమె ఫొటో లేదు. ఆమె చీర ఒకటి కూడా నాదాకా రాలేదు. నాయన ఆమె మాట ఎత్తడు. చిన్నమ్మ వచ్చాక అసలే ఎత్తడు. చిన్నమ్మ మంచిదే, నాకు తలకు నూనె పెట్టి జడ వేసిన చేయి ఆమెదే, అబద్ధం చెప్పకూడదు. కానీ అమ్మ అంటే నాకున్న ఆస్తి అంతా ఒకే ఒక్క చరణం. "పెనుగొండ కొండనీడ కొంగున తెచ్చినాది రత్నమ్మ" అని అవ్వ పాడేది. పెనుగొండలో పొద్దు వాలేసరికి కొండనీడ ఊరి మీద పడుతుందని తర్వాత రైల్లో పోతూ చూశాను. అప్పటికి చూడలేదు. చాప మీద పడుకుని, ఒక పెళ్ళికూతురు అంత పెద్ద నీడను మడిచి కొంగులో ముడివేసుకుని రైలు దిగి మా సందులోకి నడిచి రావడం చూస్తూ ఉండేదాన్ని. మిట్టమధ్యాహ్నం వాకిట్లో ఎక్కడైనా చల్లగా తగిలితే, ముడి ఊడి అక్కడ కాస్త ఒలికిందనుకునేదాన్ని. ఇది ఎవరికీ చెప్పలేదు.

ఇంకో సంగతి చెప్పాలి. నాది పుట్టుకతో ఎడమచేతి వాటం, మా వైపు మాటలో రొడ్డచెయ్యి. బళ్ళో అయ్యవారు స్కేలుతో ఆ చేతి కణుపుల మీద కొట్టి కొట్టి, రెండేళ్ళలో పెన్సిలును కుడిచేతికి మార్పించారు. అన్నం ఎడమచేత్తో ముట్టుకుంటే చిన్నమ్మ కసిరేది. అవ్వ మాత్రం ఎందుకో ఏమీ అనేది కాదు. ఒక్కోసారి నేను విసురురాయి దగ్గరకు పోయి ఎడమచేత్తో పిడి పట్టుకుంటే, అవ్వ రాయి ఆపి నా చేతినే చూసేది. తిడుతుందేమోనని నేను చేయి లాగేసుకునేదాన్ని. తిట్టేది కాదు. ఇంకో గుప్పెడు రాగులు పోసి, ఏమీ జరగనట్టు రాయి తిప్పేది.

నాకు పదకొండేళ్ళప్పుడు అవ్వకు పెద్ద జ్వరం వచ్చింది. పది రోజులు రాయి తిరగలేదు. ఇల్లంతా ఎంత నిశ్శబ్దమైపోయిందంటే, అంగట్లో తూకపురాళ్ళ చప్పుడు పెరటిదాకా వినిపించేది. నాకు భయం పట్టుకుంది. అవ్వ పోతుందేమోనన్న భయం కంటే, అవ్వతోపాటు అమ్మ చరణం పోతుందేమోనన్న భయం ఎక్కువ. ఇది చెప్పుకోవడానికి సిగ్గుగా ఉంది, కానీ అదే నిజం. అవ్వ లేచి తిరగడం మొదలుపెట్టిన వారానికే పుస్తకమూ పెన్సిలూ పట్టుకుని ఆమె కొంగు వదలకుండా తిరిగాను.

"పాట సెప్పు అవ్వా, రాసుకుంటా."

"ఊరకనే సెప్పమంటే యాడొస్తాదే పుట్టీ? రాయి తిరగల్ల."

"అయితే తిప్పు."

"లక్ష్మి లేదు గదే. జాతరకని ఊరికి పోయింది. వచ్చినాక సూద్దాంలే."

నేను ఆగలేదు. ఏడ్చాను, అలిగాను, మధ్యాహ్నం అన్నం మానేశాను. చివరకు అవ్వే దిగివచ్చింది. ఖాళీ రాయి తిప్పకూడదు కాబట్టి చేరెడు రాగులు పోసి, ఒక్కతే కూర్చుని రాయి తిప్పుతూ మొదలుపెట్టింది. చరణం పాడేది. నోరు మూసుకుని రాయి ఒక చుట్టు తిప్పేది. మళ్ళీ ఇంకో చరణం పాడేది. ఆ నోరు మూసుకున్న చుట్టులో ఆమె కళ్ళు ఎదురుగా, లక్ష్మక్క రోజూ కూర్చునే చోటును చూసేవి. నా కోసం ఆగుతోంది, నేను రాసుకోవాలని ఆగుతోంది అనుకుని పొంగిపోయాను. ఎంత మంచి అవ్వ! అవ్వ ఆగినచోటల్లా ఒక గీత గీశాను. పాట అయిపోయాక అవ్వ పుస్తకాన్ని తలకిందులుగా పట్టుకుని చాలాసేపు చూసింది.

"అంతా దీంట్లో ఉండాదా?"

"అంతా ఉంది అవ్వా."

"అయితే ఇంగ నాకు నిశ్చింత," అంది.

ఆ మరుసటి ఏడే మా వీధి మొగలో పిండి మిల్లు పెట్టారు. చిన్నమ్మ రాగుల డబ్బా నెత్తిన పెట్టుకుని పోయి, గంటలో పిండితో తిరిగి వచ్చింది. వేడి పిండి, మెత్తగా, ఒక్క నూక లేకుండా. ఇల్లంతా సంబరపడింది. అవ్వ ఒక్కతే "రాయి మూలకు పడితే పాట ఏం గావల్ల?" అని సణిగింది. నేను ఏమన్నానో నాకు బాగా గుర్తుంది. "పాట యాడికీ పోదులే అవ్వా, నా పుస్తకంలో ఉండాది" అన్నాను.  రాతిని పెరట్లో గోడకు ఆనించారు. గింజ తీసే పని ఉన్నన్నాళ్ళు లక్ష్మక్క వచ్చేది. తర్వాత వాళ్ళ దిక్కు వానలు పడ్డాయని వెళ్ళిపోయింది. మరి నాలుగేళ్ళకు అవ్వ పోయింది. కొత్త రాగులు వచ్చాయి, మిల్లుకు పోయాయి, పిండి అయి వచ్చాయి. అవ్వ మీద ఎవరూ చరణం వేయలేదు.

శిరీష వెళ్ళిన రోజు నుంచి నాకు ఆ గీతలు తప్ప ఇంకేమీ కనపడలేదు. వంటింట్లో మిక్సీ తిరుగుతుంటే గీతలు. మగ్గాల చప్పుడు వింటే గీతలు. యాభై ఏళ్ళకు పైగా భద్రంగా దాచింది సగం పాటను, అందులో మా అమ్మ చరణం సగాన్ని. లక్ష్మక్క ఏదో అనేదని నాకు తెలియకపోలేదు. తెలుసు. కానీ అది మా ఇంటి పాటలో భాగమని అనుకోలేదు. పనికి వచ్చిన మనిషి అలుపు తీర్చుకోవడానికి మూలుగుతోందనుకున్నాను. అప్పుడు పిల్లను, తెలియలేదు. తర్వాతైనా తెలియాలి కదా? పిల్లలకు పాఠాలు చెప్పిన నోటితో నన్ను నేను చాలా తిట్టుకున్నాను.

హిందూపురంలో అంగడి చూసుకునే తమ్ముడికి ఫోన్ చేశాను. లక్ష్మక్క బతికే ఉందట. వాళ్ళ మనవడు ధర్మవరంలోనే మగ్గం నేస్తున్నాడట, మా ఇంటికి మూడు వీధుల అవతల. ఆ వీధిలో నేను కూరగాయలకు పోతాను. మనవడు రామాంజి నన్ను ఒక ఆదివారం అరువు తెచ్చిన ఆటోలో వాళ్ళ ఊరికి తీసుకుపోయాడు. దారి పొడుగునా కంది చేలు, ఎర్రమట్టి గుట్టలు, గుట్టల మీద గాలిమరలు. మా చిన్నప్పుడు ఆ గాలికి ఏ పనీ ఉండేది కాదు, దుమ్ము లేపుకుంటూ తిరిగేది. ఇప్పుడు దానికీ ఉద్యోగం దొరికింది.

లక్ష్మక్కకు కళ్ళు దాదాపు పోయాయి. వాకిట్లో నులక మంచం మీద కూర్చుని, నా చేయి పట్టుకుని తడిమింది.

"ఎవురు? శెట్టెమ్మ మనవరాలా? పాపా, నువ్వా! ఎంత లావైనావమ్మా!"

అరవై ఏడేళ్ళ దాన్ని, ఇంకా పాపనే. నాకు నవ్వొచ్చింది. కోడలు నారాయణమ్మ మజ్జిగ ఇచ్చింది. ఆ మాటా ఈ మాటా అయ్యాక, వచ్చిన పని చెప్పాను. పుస్తకం తెచ్చాననీ, అందులో అవ్వ పాడింది మాత్రమే ఉందనీ, ఆమె పాడింది లేదనీ.

"మా అవ్వ నీ సగం గూడా పాడి ఉంటే ఎంత బాగుండేది, లక్ష్మక్కా," అన్నాను.

"శెట్టెమ్మ ఎట్ల పాడుతుంది పాపా? అది నాది గదా."

"మరి ఇన్నేళ్ళలో నువ్వన్నా ఎవరికైనా చెప్పకపోతివి?"

"ఎవురడిగినారు?" అంది. కోపంగా అనలేదు. ఊరికే, ఉన్నమాట అన్నట్టు అంది. 

చెప్పమంటే ఆమె కూడా అదే మాట, రాయి తిరగల్ల అని. వాళ్ళ విసురురాతి పైదిమ్మె నీళ్ళ డ్రమ్ము మూత ఎగిరిపోకుండా బరువుకు పెట్టి ఉంది. కింది దిమ్మె గొర్రెల దొడ్డి దగ్గర సగం మట్టిలో ఉంది. రామాంజి రెండూ మోసుకొచ్చి కడిగాడు. పిడి లేదు, ఒక వేపకొమ్మ చెక్కి దిగ్గొట్టాడు. నారాయణమ్మ రాగులు తెచ్చి, "ఈ రాయి తిరిగేది నేను కాపరానికి వచ్చినాక సూడనే లేదు" అని నవ్వుతూ పక్కనే చతికిలపడింది. నేనూ లక్ష్మక్కా ఎదురెదురుగా కూర్చున్నాం. నా మోకాళ్ళు ఒప్పుకోలేదు, ఒప్పించాను. కుడిచేత్తో పిడి పట్టుకున్నాను, పుస్తకం ఒడిలో పెట్టుకున్నాను. రాయి మొరాయించి మొరాయించి కదిలింది. ఆ గురగుర నేలలోంచి నా ఒంట్లోకి ఎక్కింది. ఒక్క క్షణం ఆ వాకిలి, ఆ ఎండ, గాలిమరలు అన్నీ పక్కకు జరిగి, చాప కింద నేల చల్లగా తగిలినట్టయింది.

"ఏయి," అంది లక్ష్మక్క.

మా ముత్తవ్వ తిమ్మక్క చరణం చదివాను. "తిమ్మక్క చింతపండు దంచితే వీధికంతా నోరూరె."

రాయి చుట్టు తిరిగింది. లక్ష్మక్క గొంతు వణుకుతూ అందుకుంది. "దంచినోళ్ళ చేతికి మాత్రం గింజలు మిగిలె."

నారాయణమ్మ పకపకా నవ్వింది. నేను పుస్తకం వైపు చూశాను. ఇన్నేళ్ళూ అది పొగడ్త అనుకున్నాను. మా ఇంటి పాటలో మా ఇంటి మీదే ఇంత ఎత్తిపొడుపు ఉందా? ఇది వింటూ అవ్వ రోజూ రాయి తిప్పేదా? తిప్పేది. వింటూ నవ్వేది కూడా, ఆ నవ్వు నాకు గుర్తుంది. ఎందుకు నవ్వేదో మాత్రం ఇప్పుడు తెలిసింది.

"ఎంగటమ్మ నవ్వితే ఏడు గడపలకు వినపడె," అన్నాను. ఎంగటమ్మ మా నాయన మేనత్త, మొగుడు పోయి పుట్టింటికి వచ్చేసిన మనిషి.

"ఏడిస్తే మాత్రం ఈ రాయికొక్కదానికే వినపడె," అంది లక్ష్మక్క.

ఈసారి ఎవరూ నవ్వలేదు. తర్వాతది అమ్మ చరణం. పుస్తకం చూడక్కర్లేదు, అయినా చూశాను.  లక్ష్మక్క అడగలేదు, తొందరపెట్టలేదు. రాయి నాలుగు చుట్లు ఊరికే తిరిగింది. చివరకు అన్నాను.

"పెనుగొండ కొండనీడ కొంగున తెచ్చినాది రత్నమ్మ."

"నీడ మాకిచ్చి తాను పోయి ఎండలో కూసునె."

ఒక చేయి పిడి మీద, ఇంకో చేయి పుస్తకం మీద ఉన్నాయి, కళ్ళు తుడుచుకోవడానికి కుదరలేదు. లక్ష్మక్క రాయి ఆపకుండానే "మళ్ళా ఏయి" అంది. ఎందుకో తెలియక మళ్ళీ అదే చరణం వేశాను. ఈసారి ఆమె వేరే జవాబిచ్చింది.

"పుట్టింటి మాట ఎత్తితే పిండి కండ్లలో పడెననె."

"ఇందాక ఇంకోటి అంటివి కదా లక్ష్మక్కా. ఈ రెండిట్లో అసలుది ఏది?"

ఆమె గుడ్డికళ్ళు నా వైపు తిప్పి, ఇంత తెలివితక్కువ మాట ఎందుకన్నానో అర్థం కానట్టు ముఖం పెట్టింది. "అసలుది ఏందమ్మా? ఒగనాడు ఒగటి, ఇంగోనాడు ఇంగోటి. మీ అవ్వ ఏసేది మారదు. నేనిచ్చేది ఆపొద్దు నాకేది గ్యాపకం వస్తే అది. మీయమ్మ మాత్రం ఒగ దినం ఉన్నట్ల ఇంగో దినం ఉండిందా? ఆమెకైతే నేను ఎన్ని ఇచ్చినానో నాకే తెలీదు. ఏయి, ఇంగోటి ఉండాది."

మూడోసారి వేశాను.

"రొడ్డచేతి గాజు తీసి నా చేతికి తొడిగె."

నా చేయి ఆగిపోయింది. రాయి ఆగిపోయింది.

"రొడ్డచెయ్యా? మా అమ్మదా?"

"నీకు తెలీదా పాపా? మీయమ్మ రాగులు పోసేది కుడిచేత్తో, రాయి తిప్పేది రొడ్డచేత్తో. అందరం ఎదురెదురుగా కూసుంటే చెరోపక్క నుంచి చెయ్యి వస్తాది. మీయమ్మతో కూసుంటే ఇద్దరి చేతులూ ఒగే పక్క. గాజూ గాజూ కొట్టుకుంటాండె. నాది మట్టిగాజు, పుటుక్కున పాయ. అప్పుడు తనది తీసి నాకేసింది. శెట్టెమ్మ ఏమంటుందో అని నాకు బయ్యం. శెట్టెమ్మ సూసింది, ఏమీ అనలేదు."

నేను ఏడ్చాను. దాచుకునే వయసు కాదు, దాచుకోలేదు కూడా. చిన్నప్పుడు విసురురాయి దగ్గర అవ్వ రాయి ఆపి నా ఎడమచేతినే ఎందుకు చూసేదో, ఎందుకు తిట్టకుండా ఇంకో గుప్పెడు రాగులు పోసేదో అప్పటికి అర్థమైంది. అయ్యవారి స్కేలు దెబ్బలు తిన్న ఈ కణుపులు మా అమ్మవి. ఫొటో లేదని, చీర లేదని ఇన్నేళ్ళు ఏడ్చానే, ఇది నా దగ్గరే ఉంది. నారాయణమ్మ నా వీపు నిమిరింది. లక్ష్మక్క మాత్రం ఓదార్చలేదు. పని మధ్యలో ఆగిందని ఆమెకు చిరాకు.

"మీ అవ్వకు ఎవురన్నా ఏసినారా చరణం?"

"లేదు."

"అంత పాట మోసిన మనిషి, ఆమెకే లేదా? నువ్వే గదా ఇప్పుడు పెద్దదానివి. ఏయి."

జీవితమంతా రాసినదాన్ని, నాకు ఒక్క మాట రాలేదు. పత్రికల్లో వ్యాసాలు రాశాను, బడి వార్షికోత్సవాలకు పాటలు కట్టాను. రాయి రెండు చుట్లు, మూడు చుట్లు తిరిగింది. కుడిచేయి నొప్పి పుట్టింది.

"చెయ్యి మార్చు," అంది లక్ష్మక్క.

మార్చాను. ఎడమచేయి పిడి మీద పడగానే ఆమె ముంజేయి నా ముంజేతికి తగిలింది. నా గాజులూ ఆమె గాజులూ కొట్టుకున్నాయి. రాయి తేలికైనట్టు అనిపించింది. నేను అనుకోకుండానే నోటికి వచ్చింది.

"రాగులెన్ని పోసినా మా అవ్వ నోట మాట అయిపోకపాయె."

చుట్టు తిరిగింది. లక్ష్మక్క ముడతల ముఖంలో మెల్లగా నవ్వు పాకింది.

"సగం పాట విని మనవరాలు సంబరపడె."

నారాయణమ్మ నవ్వి నవ్వి రాగుల చేట కింద పెట్టేసింది. నేనూ నవ్వాను. యాభై ఏళ్ళు ఆలస్యంగా పడిన మొట్టికాయ, సరిగ్గా పడింది. పక్కన అవ్వ ఉంటే ఆమె కూడా నవ్వి ఉండేది.

చేటలో పిండి పోగయింది. ముతకగా, కాస్త ఇసుక తగిలేలా. నారాయణమ్మ దాన్ని ఒక స్టీలు డబ్బాలో పోసి ఇచ్చింది. ఈ కాలంలో రాగిపిండిని షుగరు ఉన్నవాళ్ళకని రంగుల ప్యాకెట్లలో అమ్ముతారు, దాని మీద ఏమేమో రాసి ఉంటుంది. ఈ డబ్బా మీద ఏమీ లేదు. బయల్దేరుతుంటే లక్ష్మక్క అడిగింది.

"రాసుకున్నావా?"

"లేదు లక్ష్మక్కా. రాయకూడదనిపించింది."

"ఎందుకట్ల? రాసుకో. నేనింగ ఎన్నాళ్ళుంటా? నేను పోయినాక నువ్వు ఏసినదానికి ఇంగొకరు జవాబియ్యల్ల గదా. నువ్వు ఏసింది రాసుకో. జవాబుకు మాత్రం తావు వదులు."

ఆటో కనగానపల్లి దాటాక రామాంజిని ఒక చెట్టు కింద ఆపమన్నాను. పుస్తకం చివరి పేజీ తీసి, పెన్సిలు ఎడమచేత్తో పట్టుకున్నాను. అక్షరాలు వంకరగా, పదకొండేళ్ళ పిల్ల రాసినట్టే వచ్చాయి. అవ్వ చరణం రాశాను. దాని పక్కన, రాయి ఒక చుట్టు తిరిగేంత పొడుగు గీత గీశాను.